కిందివైపు అతుకు

మా ఇంట్లో మగవాళ్లు ఆరుబయట నేల మీద వెల్లకిలా పడుకోరు. అలా పడుకోబెట్టేది చనిపోయినవాళ్లను, పాడె కట్టేంతవరకు. చిన్నప్పుడు ఒకసారి జ్వరంతో ఒళ్లు కాలిపోతూ, వాకిట్లో బండల చల్లదనానికి ఆశపడి వెల్లకిలా పడుకున్నాను. నాయనమ్మ పరుగున వచ్చి, జుట్టు పట్టి లేపి, నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరించింది. శ్మశానం నుంచి వచ్చినవాళ్లకు పోసినట్టే పోసింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఒక మనిషి ప్రాణం ఒక పూటంతా ఈ నియమం మీదే వేలాడింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

మాది సిరిగేరి దగ్గర వరి మళ్ల ఊరు. తాత మాటకు ఊళ్లో ఎదురుండేది కాదు. ఆయన నడుస్తుంటే నడుము పైన ఏదీ కదిలేది కాదని చూసినవాళ్లు చెప్పేవారు. నాన్న, చిన్నాన్నలు కోర్టుకెక్కారు. ముప్పై ఏళ్లు వాయిదాలు తిరిగారు. చివరికి ఇల్లూ మళ్లూ అన్నీ పరాయివాళ్ల పాలయ్యాయి. నేనూ అమ్మా సండూరు చేరి రెండు గదుల ఇంట్లో దిగేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. డిగ్రీ పూర్తి కాలేదు. చేతిలో పని లేదు. తాత వెన్నెముక మాత్రం వంగకుండా నాకు వచ్చింది.

అప్పుడే ఇనుప ఖనిజానికి గిరాకీ పెరిగింది. కొండల మీది నుంచి లారీలు రాత్రింబవళ్లు దిగేవి. ఆకులు, కుక్కలు, ఆరేసిన బట్టలు, హోటల్లో ఇడ్లీలు, అన్నీ ఎర్రగా ఉండేవి. టన్నులకు లెక్కాపత్రం లేకుండా నింపడంతో లారీల్లో విరగని భాగం లేదు. వెనక డాలా తలుపులు ఊడేవి, అడుగు ఛానళ్లు పగిలేవి. బండి ఒక గంట నిలబడితే ఓనరు నాలుగుసార్లు మనిషిని పంపేవాడు. వెల్డరుకు కూర్చుని అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఊళ్లో బాగా తెలిసిన ఒకాయన చెప్పగా, రోడ్డు పక్క రేకుల షెడ్డులో నాకు పని దొరికింది. నేను తెల్లచొక్కా వేసుకుని పోయి, షెడ్డు వెనక మార్చుకుని, సాయంత్రం మళ్లీ తెల్లచొక్కాతోనే ఇంటికి వచ్చేవాణ్ణి. రెండో రోజుకే నాకు దొర అని పేరు పడింది.

షెడ్డు యజమానిని ఉస్తాద్ అనేవాళ్లం. బళ్లారిలో చిన్నతనం నుంచి ఇదే పని చేసిన పెద్దాయన. మంట చూసీ చూసీ కళ్లు మసకబారాయి కాబట్టి ఆయన చెవితోనే నేర్పేవాడు. రాడ్డు అంటించమని, నాకు వీపు తిప్పి కూర్చుని బీడీ తాగేవాడు. మిరపకాయ బజ్జీలు నూనెలో వేగినట్టు ఆగకుండా ఒకే తీరుగా చప్పుడు రావాలి. చిటపటలాడితే రాడ్డు దూరం పోయిందని, గుర్రుమంటే మరీ దగ్గరైందని, ఆగి ఆగి వస్తే చేతిలో నమ్మకం లేదని తిరిగి చూడకుండానే చెప్పేవాడు. మొదటి నెల నేను వేసిన గీతలు కాకిరెట్టల్లా ఉండేవి. పైన పేరుకున్న చిట్టెం సుత్తితో రాలగొడితే లోపల బుడగలు. కళ్లు మండి, ఇసుక పోసినట్టయి, మధ్యాహ్నమే ఇంటికి వచ్చి ఆలుగడ్డ చెక్కలు పెట్టుకుని పడుకునేవాణ్ణి. కానీ పని వదలలేదు. వదిలితే ఊళ్లో మా పాతవాళ్లు ఏమంటారో నాకు తెలుసు.

రెండేళ్లకు చేయి కుదిరింది. నా గీత తమలపాకులు కొంచెం కొంచెం జరిపి పేర్చినట్టు వచ్చేది. డాలా పని నా చేతనే వేయించమని డ్రైవర్లు అడిగేవారు. ఉస్తాద్ మాత్రం మెచ్చుకోలేదు. నేల మీది పని, అడ్డం పని, నిలువు పని, తలపైన పని, నాలుగూ వస్తేనే వెల్డింగు వచ్చినట్టని, నాకు మూడే వచ్చాయని అనేవాడు. తలపైన పని అంటే లారీ కింద వెల్లకిలా పడుకుని, నిప్పు ముఖం మీదికి రాలుతుంటే పైకి చూస్తూ వేసేది.

నేను దాన్ని నాలుగేళ్లు తప్పించుకున్నాను. షెడ్డులో ఇంకో వెల్డరు ఉండేవాడు. బండ్రి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. సన్నరేకు పని, ఓపిక కావలసిన పని అతని వంతుది నేను చేసేవాణ్ణి. నా వంతు కింద పని అతను చేసేవాడు. ఎందుకో అతను ఎన్నడూ అడగలేదు. వచ్చినవాళ్లకు మాత్రం నవ్వుతూ చెప్పేవాడు.

“దొరకు కింద పని పడదప్పా. ఆయన్ది పైలోకం. కిందలోకానికి నేనుండా.”

నేను నవ్వేవాణ్ణి కాదు. నిజం చెబితే ఇంకా పెద్దగా నవ్వుతారని చెప్పలేదు.

ఉస్తాద్ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. లారీ అడుగున బరువు మోసే చోట ఎవరు అతుకు వేస్తే, వాళ్లు ఆ లారీ మొదటి లోడుతో పాటు క్యాబిన్‌లో కూర్చుని కొండదారి ఘాటు దిగిరావాలి. రోడ్డు పొడవునా ఉన్న పది షెడ్లలో ఇంకెక్కడా ఈ ఆచారం లేదు. అందుకే డ్రైవర్లు మా దగ్గరికే వచ్చేవారు. సాయంత్రం ఉస్తాద్ అడిగే ప్రశ్న కూడా ఒకటే, మొదటి లోడు ఎవరు ఎక్కినారని. నేను అడుగున పని చేయను కాబట్టి ఎన్నడూ ఎక్కే అవసరం రాలేదు.

ఆ రోజు ఉస్తాద్ కళ్ల డాక్టరు దగ్గరికి బళ్లారి వెళ్లాడు. బండ్రి అతను చెల్లెలి పెళ్లి మాటలకు ఊళ్లోనే ఆగిపోయాడు. పొద్దున ఎనిమిదికి ఒక టిప్పర్ వచ్చి ఆగింది. ముందద్దం పైన తెల్లరంగుతో చిన్న సిలువ. ఆ డ్రైవరు మాకు బాగా తెలిసినవాడు. నలభై దాటిన మనిషి, పాత మిషన్ సంఘంలోని తెలుగు కుటుంబం, తండ్రి బడిపంతులు. స్టీరింగ్ మీద చేయి పెట్టి క్షణం కళ్లు మూసుకున్నాకే బండి కదిలించేవాడు. రోడ్డు మీద అందరూ నన్ను దొర అన్నా, ఆయన ఒక్కడే ‘అప్పా’ అనేవాడు.

వెనక స్ప్రింగు కమాన్లను చాసిస్ చట్రానికి పట్టి ఉంచే బ్రాకెట్ పగిలింది. లారీ వెనక బరువంతా దాని మీదే. అది ఘాటు మలుపులో ఊడితే ఇరుసు పక్కకు తిరుగుతుంది, తర్వాత బ్రేకు తొక్కినా లాభం లేదు. బండ్రి అతను రేపు వస్తాడు, ఆగమని చెప్పాల్సింది. చెప్పలేదు. నా చేత కాదన్న మాట నా నోట రాలేదు.

జాకీ ఎక్కించాను. పక్క నుంచి మోకాళ్ల మీద కూర్చుని మూడు వైపులా వేశాను. బాగానే వచ్చింది. నాలుగోది కిందివైపు అతుకు, జానెడు పొడవు. గోనెసంచి పరిచాను. దాని మీద కూర్చున్నాను. అప్పుడు రోడ్డవతల టీ అంగడి బెంచీ మీద నుంచి ఎవరో లేచి చేతులు జోడించారు. మా ఇంట్లో తాత కాలం నుంచి సేద్యం చేసిన పెద్దమనిషి. బళ్లారి బస్సు కోసం కూర్చున్నాడు.

“చిన్నయ్యా, బాగుండారా?” అని అక్కడి నుంచే అడిగాడు.

బాగున్నానని చేయి ఊపాను. ఆయన కూర్చోలేదు. నేను పని చేస్తుంటే తాను కూర్చోవడం మర్యాద కాదనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ కళ్ల ముందు రోడ్డు పక్కన, లారీ కింద వెల్లకిలా. నేను గోనెసంచి మీద నుంచి లేచాను. పక్క నుంచే చేయి లోపలికి దూర్చి, తల వంచకుండా, కనపడని చోట రాడ్డు అంటించి జానెడు దూరం లాగాను. చప్పుడు ఆగి ఆగి వచ్చింది. ఉస్తాద్ లేకపోయినా ఆ చప్పుడు ఏం చెబుతోందో నాకు తెలిసింది. చిట్టెం కూడా రాలగొట్టలేదు. పైన రెడ్ ఆక్సైడ్ పూసేశాను. రంగు పూశాక మంచి అతుకు, చెడ్డ అతుకు ఒకటే.

ఇంతలో బస్సు వచ్చింది. పెద్దమనిషి ఎక్కి వెళ్లిపోయాడు. రోడ్డు మీద మా పాతవాళ్లు ఇంకెవరూ లేరు. ఇంకా లారీ జాకీ మీదే ఉంది. ఆ రంగు గీకేసి పడుకోవడానికి అర్ధగంట చాలు. ఆ అర్ధగంటను నేను ఈనాటికీ తలుచుకుంటాను. జాకీ దించి, అయిందని చెప్పాను.

డ్రైవరు క్యాబిన్ తలుపు తెరిచాడు. “ఎక్కుప్పా, పోదాం. మీ ఉస్తాద్ రూలు గదా.”

“షెడ్డు ఖాళీగా ఉండాది. ఈ ట్రిప్పుకు నువ్వు పో. రెండో దానికి వస్తా.”

ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “సరే లేప్పా. నువ్వు పెట్టింది ఊడుతుందా ఏంది.”

స్టీరింగ్ మీద చేయి పెట్టి కళ్లు మూసుకున్నాడు. బండి కదిలింది.

లారీ ఖాళీగా పైకి వెళ్లేటప్పుడు భయం లేదు. గనిలో వంతు వచ్చి లోడు వేసుకుని, తూకం కాటా దాటి దిగేటప్పటికి మధ్యాహ్నమవుతుంది. అంతవరకు సమయం ఉందనుకున్నాను. ఒక గేటు పని మొదలుపెట్టాను. నాలుగు రాడ్లు కాల్చి పక్కన పెట్టాను. ఘాటు వైపు నుంచి వచ్చే ప్రతి లారీ అద్దం పైన సిలువ ఉందేమోనని చూశాను. పదకొండు గంటలకు ఘాటులో దారి ఆగిపోయిందని ఎవరో టీ అంగడిలో చెబుతుండగా విన్నాను. రోడ్డు దాటి పోయి అడిగాను. ఎద్దులు అడ్డమొచ్చాయట, అంతే. తిరిగి వచ్చి రాడ్డు పట్టుకుంటే అంటుకోలేదు. మిషను ఆపి ఉందని చాలాసేపటికి గమనించాను.

ఆ డ్రైవరుకు సెల్ ఫోను లేదు. షెడ్డుకు తాళం వేసి, ఖాళీగా పైకి పోతున్న లారీ ఎక్కాను.

ఘాటు సన్నని దారి. మేం ఎక్కుతుంటే లోడు లారీలు ఎదురుగా దిగుతున్నాయి. ప్రతి మలుపులో ఎర్రదుమ్ము లేచి అద్దాలు కనబడేవి కావు. వాటిలో ఆయన బండి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. కిటికీలోంచి అరిచినా వినపడదు. ఒకచోట దుమ్ములో తెల్లగా ఏదో కనిపించి కిటికీలోంచి సగం బయటికి వంగాను. అది నిమ్మకాయల దండ కింద పూసిన సున్నం బొట్టు. నన్ను ఎక్కించుకున్న డ్రైవరు, కళ్లు తిరుగుతున్నాయా దొరా అని అడిగాడు. అవునన్నాను.

సిలువ బండి ఆయన గని గేటు దగ్గర కాటా క్యూలో ఉన్నాడు. ముందు రెండే లారీలు. లోడు పైన టార్పాలిన్ కట్టేశారు. ఆయన చక్రం నీడన కూర్చుని, గుడ్డలో కట్టి తెచ్చిన జొన్నరొట్టె శెనక్కాయ పొడితో తింటున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

“యాడికొచ్చినావుప్పా ఇంత ఎండలో? రా, రొట్టె తిందువు.”

“ఆ కిందివైపు అతుకు నేను చూడకుండా వేసినా” అన్నాను. “పడుకోలే.”

“పడుకోలే అంటే ఏంది?”

ముందు లారీ కదిలింది. వెనక ఉన్నవాళ్లు హారన్ కొట్టారు. నేను అక్కడే, ఎర్రమట్టిలో, తెల్లచొక్కాతోనే వెల్లకిలా పడుకుని లారీ కిందికి జరిగాను. షెడ్డుకు తాళం వేసేముందు అలవాటుగా మళ్లీ తెల్లచొక్కాలోకి మారానని అప్పటిదాకా నాకు గుర్తు లేదు. చుట్టూ కాళ్లు చేరాయి. ఎవరో అన్నారు, “దొర పండుకున్న్యాడు సూడండ్రా. పరుపు పంపీమని ఊరికి చెప్పాల్నా?” అందరూ నవ్వారు. పైన నా ముఖానికి మూరెడు దూరంలో రెడ్ ఆక్సైడ్ వెంట్రుకవాసి చీలి ఉంది. ఒకచోట గోరు దూర్చాను. దూరింది.

నా పక్కన డ్రైవరు కూడా పాక్కుంటూ వచ్చాడు. తానూ గోరు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగాడు.

“పొద్దున్నే తెలుసునా నీకు?”

“తెలుసు.”

“ఎక్కకపోయింది అందుకేనా?”

ఆయన బయటికి పాకి, లేచి, మిగిలిన రొట్టె గుడ్డలో కట్టేశాడు. నవ్వేవాళ్లు నవ్వడం ఆపారు.

లారీని క్యూలోంచి తప్పించి, మనిషి నడిచినంత మెల్లగా కుప్ప దగ్గరికి నడిపి లోడు ఒంపేశాడు. గని రిపేరు షెడ్డులో మిషను ఇచ్చారు. అక్కడి వెల్డరు నా మెడకు తువ్వాలు చుట్టి, గుండీలన్నీ పెట్టుకోమన్నాడు. నేను వేసిన అతుకు మొత్తం గ్రైండరుతో తీసేశాను. తీస్తుంటే బయటపడింది. జానెడు పొడవులో నాలుగు వేళ్ల మేర కూడా ఇనుము ఇనుముతో కలవలేదు.

మళ్లీ పడుకున్నాను. తలపైన పని గురించి ఉస్తాద్ బండ్రి అతనికి చెప్పిన మాటలన్నీ నాలుగేళ్లుగా విన్నాను. కరెంటు తగ్గించాలి. రాడ్డు ఇనుముకు ఆనీ ఆననట్టు ఉండాలి. కరిగిన బొట్టు జారేలోపు చేయి ముందుకు పోవాలి. వినడం వేరు. మొదటి మూడు బొట్లు నా మీదే రాలాయి. నాలుగోది తువ్వాలు సందులోంచి దూరి కాలర్ ఎముక మీద కూర్చుంది. అప్పుడే చప్పుడు సరిగ్గా వస్తోంది, బజ్జీలు వేగినట్టు. కదిలితే అతుకులో రంధ్రం పడుతుంది. నేను కదల్లేదు. అది ఆరిపోయేంతవరకు కాలింది. గురిగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది. మొదటి వరస వేసి, చిట్టెం రాలగొట్టి, తోమి చూసి, దాని మీద రెండోది, మూడోది వేశాను. రంగు పూయలేదు.

మళ్లీ లోడు, మళ్లీ క్యూ, మళ్లీ కాటా. ఎండ వాలుతుండగా ఘాటు దిగడం మొదలుపెట్టాం. ఆయన పక్కన నిటారుగా కూర్చున్నాను. ప్రాణమంతా వెనకకే ఉంది. ప్రతి గుంతకూ అడుగున ఏదో మూలిగినట్టనిపించేది. మూడో మలుపులో టపటపమని చప్పుడు వచ్చింది. నేను డ్యాష్‌బోర్డు పట్టుకున్నాను. ఆయన అద్దంలో చూసి, టార్పాలిన్ తాడు వదులైందని మాత్రం చెప్పాడు. దారి పొడవునా ఆయన అన్న మాట అదొక్కటే. కింద చదును రోడ్డు వచ్చాక కూడా నా వేళ్లు డ్యాష్‌బోర్డు మీదే ఉన్నాయి. షెడ్డు ముందు బండి ఆపాడు.

“దిగు దొరా” అన్నాడు.

ఉస్తాద్ అప్పటికే వచ్చి, తాళం వేసిన షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. మొదటి లోడు ఎవరు ఎక్కినారని అడిగాడు. నేనే అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన మసక కళ్లు దగ్గరగా పెట్టి నా చుట్టూ తిరిగి, వీపు మీద చేయి వేసి, చేతికి అంటిన ఎర్రమట్టి చూసుకున్నాడు.

“రేపట్నుంచి కింద పని అంతా నీదే” అన్నాడు.

ఇంటికి పోతే అమ్మ నా వీపు చూసి గుమ్మం దాటనివ్వలేదు. వాకిట్లోనే నిలబెట్టి నెత్తిన నీళ్లు పోసింది. ఎక్కడ పడుకున్నావని అడగలేదు. మరునాడూ పోసింది, ఆ మరునాడూ పోసింది. నాలుగో నాడు నేను వాకిట్లో నిలబడి పిలిచాను. కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మని, అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి చెప్పింది.

తర్వాత ఆరు నెలలు నాకు ఆకాశం కంటే చాసిస్‌లే ఎక్కువ తెలుసు. చేయి దూరని చోట చిన్న అద్దం పెట్టి, ప్రతిబింబం చూస్తూ వేయడం నేర్చుకున్నాను. ఎడమచేత్తో వేయడం నేర్చుకున్నాను. తడి పట్టిన రాడ్డును వాసనతో గుర్తుపట్టడం వచ్చింది. బండ్రి అతను తన కిందలోకం నేను లాక్కున్నానని ఫిర్యాదు చేసేవాడు. భయం మాత్రం తగ్గలేదు. పని పెరిగిన కొద్దీ అదీ పెరిగింది. అతుకు వేశాక లారీ కింద నుంచి వెంటనే లేచేవాణ్ణి కాదు, చల్లారేంతవరకు దాన్నే చూస్తూ ఉండేవాణ్ణి.

కొన్నేళ్లకు గనులు మూతపడ్డాయి. లారీలు ఎక్కడివక్కడ తుప్పు పట్టాయి. ఉస్తాద్ పోయాడు. షెడ్డు నా చేతికి వచ్చింది. గేట్లు, కిటికీ చువ్వలు, నీళ్ల ట్యాంకు స్టాండ్లు, ఇలాంటి పని దొరికేది. మొదటి లోడు ఆచారం నేను వదల్లేదు. ట్యాంకు మొదటిసారి నింపేటప్పుడు దాని కిందే నిలబడేవాణ్ణి. ఒక బడికి ఉయ్యాల చేసి ఇచ్చినప్పుడు, పిల్లలందరూ చూస్తుండగా నిటారుగా కూర్చుని పది ఊపులు ఊగాను. వాళ్లు ఎంత నవ్వారో చెప్పలేను.

ఆ డ్రైవరు గనులు నడిచినన్నాళ్లూ మా షెడ్డుకే వచ్చాడు. ఇంకో షెడ్డుకు పోవచ్చు, పోలేదు. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అందరూ మెల్లగా దొర అనడం మానేశారు. వయసు మీద పడి నేను వాళ్లకు అన్ననయ్యాను, తర్వాత ఉస్తాద్‌నయ్యాను. ఆయన మాత్రం మానలేదు. పని అయ్యాక తానే పడుకుని, వేలితో అతుకు పొడవునా తడిమి చూసి, అప్పుడు గానీ స్టీరింగ్ మీద చేయి పెట్టేవాడు కాదు. నేను ప్రతిసారీ పక్కన ఎక్కేవాణ్ణి. ఆయన ఎక్కమన్నాడు కాబట్టి కాదు, అనకుండా తలుపు తెరిచి ఉంచేవాడు కాబట్టి.

మొన్న వానల తర్వాత వచ్చాడు. లారీలు మానేసి చాలా ఏళ్లయింది. మోకాళ్లు సరిగా వంగడం లేదు. మనవరాలి సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక క్యారియరు ఊడింది. రెండు నిమిషాల పని, నిలబడి వేసేదే. నాకు ఇప్పుడు కళ్లద్దాలు లేకుండా రాడ్డు మొన కనబడదు. అద్దాలు తుడుచుకుని, రెండుసార్లు రాడ్డు మార్చి, వేసి, చిట్టెం రాలగొట్టి, నీడలోకి జరిపాను.

ఆయన సైకిలు తలకిందులు చేశాడు. మెల్లగా, గోడ పట్టుకుంటూ వంగి, వేలు కిందివైపు పెట్టాడు. ఒక చివర నుంచి ఇంకో చివరకు తడిమాడు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి అదే చోట ఆగింది.

నేను సుత్తి పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆ సైకిలు వెనక ఏ పిల్ల కూర్చుంటుందో నాకు తెలియదు. ఏ రోడ్డున పోతుందో తెలియదు.

“బాగుండాది దొరా” అన్నాడు, ఇంకా వేలు తీయకుండానే.